తెరిపి

"పట్టాల మీదికి నీళ్లొచ్చి రైలు నడుమల ఆగితే ఏం జేస్తవే?" అంది భాగీరథి.

అప్పటికింకా సూరత్‌లో ఒక్క చినుకు కూడా పడలేదు. ఆ ఊళ్లోని ఉధ్నా బస్తీలో, గల్లీ చివర కింది వాటా గదిలో కూతురు మనోజ్ఞ ఫోను చూసుకుంటూ కూచుంది. మంగళవారం పొద్దున పదింటికి అహ్మదాబాద్‌లో ఒక ఆస్పత్రిలో తనకు నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ.

"ఆగది మమ్మీ. ఇగో చూడు. సోమవారం పదకొండు నుంచి మూడు దాక తెరిపి ఉన్నది. గప్పుడే బయల్దేరుత. మా దోస్తు ఇంట్ల పండుకొని పొద్దుగాల పోత."

"నీ ఫోను చెప్తే మబ్బు ఇంటదా?"

గోడకవతల సాంచెలు టకటకలాడుతున్నాయి. పగలూ రాత్రీ ఆగని ఆ మరమగ్గాల మోతలో తల్లీకూతుళ్లు ఏ మాటైనా అరిచినట్టే చెప్పుకోవాలి.

కూలికి మెరుపు రాళ్లు అతికించడానికి తెచ్చుకున్న చీరల కట్టలోంచి భాగీరథి మూడు ప్లాస్టిక్ కవర్లు తీసింది. సర్టిఫికెట్లను ఒక కవర్లో పెట్టి, దాన్ని ఇంకోదాంట్లో, దాన్ని మరోదాంట్లో దోపింది. గొడుగు సర్దింది. టార్చిలైటు, అటుకుల పొట్లం, చివరికి బట్టలారేసే తాడు కూడా బ్యాగులో కుక్కింది.

"తాడెందుకు మమ్మీ?"

"వరదొస్తే పట్టుకొనీకి."

"జర పడవ గూడ పెట్టరాదే," అన్నాడు మనోజ్ఞ తండ్రి అంబదాస్. సాంచెల షిఫ్టు దిగి అప్పుడే గడపలో కాలు పెట్టాడు.

మనోజ్ఞ నవ్వలేదు.

"మమ్మీ, పోయినేడు వడోదర పోతుంటే ఫోన్ల ఏడ్చినవ్. నేను నడుమల భరూచ్‌ల దిగి వాపస్ వచ్చిన. ట్రైనింగు సీటు పోయింది. నువ్వు ఏడుస్తుంటే నాతోని గాదు, మల్ల గిట్లనే దిగి వస్త. ఇది గూడ పోతే ఇగ నన్ను నీ పక్కన కూసోపెట్టుకో, ఇద్దరం చీరలకు రాళ్లు అంటిద్దాం."

"ఏడ్వ తియ్యే," అంది భాగీరథి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

సోమవారం ఫోను చెప్పినట్టే అయింది. పొద్దున కురిసిన వాన పదకొండింటికి ఆగింది. తలుపు కాడ నిలబడకు, ఎవరేమిచ్చినా తినకు, నీళ్లు కనపడితే దిగకు అని భాగీరథి చెబుతుండగానే రైలు కదిలిపోయింది.

తెరిపి మూడింటితో సరి. అప్పుడు పట్టుకున్న వాన మళ్లీ వదల్లేదు.

మంగళవారం తెల్లారేసరికి వెనకనున్న ఖాడీ వాగు పొంగి గల్లీలోకి వచ్చింది. తొమ్మిదింటికల్లా గదిలో నడుం లోతు నీళ్లు. బియ్యం డబ్బా తేలుతూ పోయింది. కరెంటు తీసేశారు. సాంచెలన్నీ ఆగిపోయాయి. ఇక వినపడేదల్లా మేడమెట్ల పైనున్న రేకుల మీద దబదబా పడుతున్న వానే.

ఆ రేకుల కింద, మెట్ల చివర, భాగీరథీ అంబదాసూ ముడుచుకొని కూచున్నారు. సగం తడిసిన చీరల కట్ట ఆమె ఒళ్లో ఉంది. పదకొండు మెట్లలో ఆరు అప్పటికే మునిగాయి. పైవాటాకు తాళం వేసి ఉంది.

"అయిపోయింది. ఇగ మన పని అయిపోయింది," అంటూనే ఉంది భాగీరథి. అంబదాస్ మునగని మెట్లు లెక్కపెడుతున్నాడు.

పదికి పావుగంట ఉందనగా ఫోను మోగింది.

"మమ్మీ! ఉధ్నాల నీళ్లొచ్చినయని వీడియో తిరుగుతున్నది. మన గల్లీ లెక్కనే ఉన్నది. నిజమేనా?"

భాగీరథి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఆస్పత్రి గేటు కాడ ఉన్న. ఇప్పుడే పిలుస్తరు, ఫోను బయటనే పెట్టాలెనంట. ఉన్నదున్నట్టు చెప్పు మమ్మీ. అవునంటే ఇట్లనే స్టేషన్‌కు పోత."

ఇక ఏడుపు మొదలవుతుందని అంబదాస్ ఫోను కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. భుజం అడ్డుపెట్టి అటు తిరిగింది.

"ఏందా చప్పుడు? వానా? బాపు ఏడి? మమ్మీ, మాట్లాడు!"

నీళ్లు ఏడో మెట్టెక్కాయి. ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ గల్లీలో తిరగబడి కొట్టుకుపోతోంది. భాగీరథి దాన్నే చూస్తోంది.

"మమ్మీ? హలో? మమ్మీ!"

ఆ కుర్చీ మలుపు తిరిగి కనపడకుండా పోయాక, భాగీరథి గొంతు సవరించుకుంది.

"వాన ఏడిదే? సాంచెల చప్పుడు గది. ఈడ ఎండ మస్తు కొడుతున్నది, చీరలు ఆరేసుకుంటున్న... నువ్వు లోపలికి పో బిడ్డా."