గోడకు అటు పక్క

నీళ్ళకు పుట్టిల్లనీ అత్తిల్లనీ ఉండదు, ఇటు తోస్తే అటు పోతాయి, అంతే కదా అనుకుంటూ నాగలత హాలు మధ్య నడవలోనే నిలబడిపోయింది.

కుడివైపు కుర్చీల్లో గట్టుపల్లి వాళ్ళు. ఆమె అత్తగారి ఊరు. ఎడమవైపు గోదావరి అవతలి ఒడ్డు నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన మోదుగురేవు వాళ్ళు. ఆమె పుట్టిన ఊరు. మధ్యనున్న నడవ ఈ పూట గోదావరి కన్నా వెడల్పుగా కనిపించింది.

గట్టుపల్లి తన ఒడ్డున కరకట్ట కడతానంటోంది. దాని మీద నడకదారి, రంగురంగుల దీపాలు, పడవ షికారు. ఆ గోడకు కొట్టుకున్న వరదంతా తమ మీదికి మళ్ళుతుందని మోదుగురేవు గొడవ. ముందు మునిగేది పల్లంలో ఉన్న రేవు వీధి. నాగలత పుట్టిన వీధి అదే. తమ్ముడి సంసారం ఇప్పటికీ అక్కడే. రెండో ప్రమాద హెచ్చరిక వస్తే చాలు, మంచాలు నెత్తిన పెట్టుకుని బడి మిద్దె ఎక్కుతారు. గోడ లేస్తే ఆ మిద్దె కూడా మిగలదు.

అభ్యంతరాలు వినడానికి జిల్లా నుంచి ఆఫీసర్ వచ్చాడు. మునిసిపల్ హాల్లో వేదిక మీద, ఆయన పక్కన, నాగలత భర్త ఉదయ్ భాస్కర్ కూర్చున్నాడు.

“మేడం, లోపలి గదిలో కూసోండి. చాయ్ పంపిస్త,” అన్నాడు అటెండర్ రెడ్యా.

ఆమె లోపలికి వెళ్ళలేదు. ఎడమవైపు నడిచి, జంపక్క పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

హాల్లో వాళ్ళంతా ఆమె వైపు తిరిగి చూశారు. భర్త చూపు ఒక్క క్షణం ఆమె మీద ఆగి, చిరునవ్వుగా మారింది. ఆ చిరునవ్వు ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆమెకు తెలుసు.

జంపక్క రేవు వీధిలో వెదురు బుట్టలు అల్లుతుంది. ఒక వరదలో చిన్నపిల్ల నాగలతను భుజాన మోసుకుని బడి మిద్దె ఎక్కించిన మనిషి.

“ఈడ కూసుంటే మీ ఆయన ఊకుంటడా బిడ్డా?”

“ఊరుకోడు.”

“మరి నువ్వొక్క మాట చెప్పరాదా?”

“నా మాట ఎవరడిగారు జంపక్కా?”

అంటూనే నవ్వింది. నోరు తెరవబోతే ముందు నవ్వే వస్తుంది ఆమెకు. ఈ జబ్బు ఎప్పుడు మొదలైందా అని మనసు వెనక్కి తడుముకుంటూ పోయింది. ఎన్నికలప్పుడు. జీపు మీద ఆయన పక్కన నిలబడి వీధివీధికీ దండం పెట్టింది. ఆయన మాట్లాడాడు, ఆమె నవ్వింది. గెలిచిన రోజు దండలన్నీ ఆయన మెడలో పడ్డాయి. ఎవరో గుర్తు చేస్తే ఒకటి తీసి ఆమెకూ వేశారు. అప్పటి నుంచి బుగ్గలు అలాగే బిగుసుకుపోయాయి. భయపడటానికీ నవ్వడానికీ మొహంలో ఒకే నరం ఉంటుందేమో.

అవతల మాటలు ముదిరాయి. మోదుగురేవు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, రాళ్ళు దిగనిచ్చేది లేదన్నారు, లారీలకు అడ్డం పడుకుంటామన్నారు. ఉదయ్ భాస్కర్ ఓపిగ్గా విని, అంత భయమైతే మీరూ ఒక గోడ కట్టుకోండి, వద్దన్నామా అన్నాడు. కుడివైపు వరుసలు ఘొల్లుమన్నాయి.

జంపక్క కూర్చున్నచోటు నుంచే గొంతెత్తింది.

“మీరు గిట్ల కట్టి, మేం గట్ల కడితే గోదారి యాడికి పోవాలె సారూ? మీ దీపాల కింద షికారు చేస్తదా?”

ఈసారి నవ్వు ఎడమవైపు నుంచి వచ్చింది. కుడివైపు కూడా ఒకరిద్దరు ఆపుకోలేకపోయారు.

ఆఫీసర్ గడియారం చూసుకున్నాడు. అందరి మాటా విన్నానన్నాడు. ప్రతిపాదన వెనక్కి తీసుకోవడమా, పైకి పంపడమా అన్నది ఇక గట్టుపల్లి చేతిలోనే ఉందన్నాడు.

“మీ నోటిమాట చాలు చైర్మన్ గారూ,” అని మైకు ఉదయ్ భాస్కర్ ముందుకు జరిపాడు.

హాలంతా ఆయన వైపు చూసింది. జంపక్క మాత్రం నాగలత మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఒక్క మాట. ఆ మాట పడితే రేవు వీధి ఉండదు. తను నవ్వుతూ కూర్చుంటే ఆ మాట పడుతుంది. ఇన్నాళ్ళూ అన్ని మాటలూ అలాగే పడ్డాయి.

నాగలత లేచింది. ఇంటికి బయల్దేరిందనుకుని రెడ్యా బయటి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె అటు పోలేదు. వేదిక మెట్లెక్కింది.

ఉదయ్ భాస్కర్ మైకును అరచేత్తో మూశాడు.

“ఏంటిది? పరువు తీయకు. ఇంటికి పో,” అన్నాడు, పెదాలు కదలకుండా.

ఆమెకు నవ్వు రాలేదు. రావాల్సిన చోట రాకపోయేసరికి మొహం తేలికైంది.

భర్త చేతి కింద నుంచి మైకును తనవైపు లాక్కుని, “గట్టుపల్లి చైర్మన్‌ని నేను, ఈ గోడ మా ఊరికి వద్దు,” అంది నాగలత.