టెనర్ల వరుసలో ఒక చోటు

ముసలాయన మళ్ళీ దగ్గాడు.

విల్‌ఫ్రెడ్ గార్‌సైడ్ తాళం చూపిస్తున్న చెయ్యి విసురుగా దించేశాడు. పై స్థాయిలో పాడే మగగొంతుల వాళ్ళు, టెనర్లంతా మధ్యలో ఆగిపోయారు.

"ఎవరయ్యా అది? రాణిగారి పట్టాభిషేకానికి పాడుతున్నామా, ఆస్పత్రి వార్డులో ఉన్నామా?"

వెనక వరుస చివర నిలబడ్డ ముసలాయన మెడకు చుట్టుకున్న మఫ్లర్ సర్దుకున్నాడు.

"క్షమించు బాబూ," అన్నాడు. గొంతు గీరుకుపోయి ఉంది.

విల్‌ఫ్రెడ్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట ఇవాళ్టిది కాదు. హాలిఫాక్స్ మిల్లులో మగ్గాల హోరు మధ్య పనిచేస్తూ, ఆదివారాలు చర్చిలో పాడి పాడి, ఇన్నాళ్ళకు పట్టాభిషేకం జరిగే పెద్ద చర్చి, అబ్బీలో పాడే చోటు సంపాదించాడు. టెనర్ల వరుసకు పెద్దగా కూడా పెట్టారు. కాని అతని బావమరిది నార్మన్‌కు మాత్రం చోటు లేదన్నారు. నార్మన్ గొంతు ముందు విల్‌ఫ్రెడ్ గొంతు ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి విల్‌ఫ్రెడ్‌కే బాగా తెలుసు.

చోట్లు నిండిపోయాయట!

ఇక్కడ చూస్తే ఈ ముసలాయన. రిహార్సళ్ళు మొదలైనప్పటి నుంచి ఒక్క స్వరం పాడిన పాపాన పోలేదు. కళ్ళు మూసుకుని నిలబడటం, దగ్గటం. అంతే.

"ఏ ప్రభువుగారి సిఫారసో అయ్యుంటుంది," అని పక్కవాడు గొణిగాడు. "లేకపోతే ఆ వయసులో ఎవరు రానిస్తారు?"

ఆ మాటతో విల్‌ఫ్రెడ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

ప్రభువులకు ముఖమల్ కుర్చీలు. వాళ్ళ పెళ్ళాలకు కుర్చీలు. చుట్టపక్కాలకు కుర్చీలు. అవి చాలక ఇప్పుడు పాడేవాళ్ళు నిలబడే చోటు మీద కూడా పడ్డారన్నమాట!

బృందానికి గురువు డాక్టర్ ఆకెండెన్ ఆ సాయంత్రం పక్క హాల్లో పిల్లల చేత పాడిస్తున్నారు. ఇక్కడ విల్‌ఫ్రెడ్ చెప్పిందే శాసనం.

"పెద్దాయనా, ఇలా ముందుకు రా. ఈ కొత్త కీర్తనలో చివరి భాగం నువ్వొక్కడివే పాడు."

అందరి ముందూ ఒంటరిగా పాడమన్నారంటే బయటికి పొమ్మన్నట్టే. ఆ సంగతి పాడేవాళ్ళందరికీ తెలుసు.

"నా వల్ల కాదు బాబూ. గొంతుకు ఆపరేషన్ అయింది."

"మరెందుకొచ్చావు?"

"ఈ ఒక్కటీ విందామని. అబ్బీలో, మీ అందరి మధ్యా నిలబడి..."

"వినటానికా! పాడేవాడు పాసు దొరక్క ఏడుస్తుంటే, నువ్వు వినటానికి వచ్చావా? పాడు. లేదా పాసిచ్చి పో."

ముసలాయన పాడాడు. చేతిలో కాగితం తెరవనైనా తెరవలేదు. మొదటి మాట దగ్గరే గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు.

"ఇక చాలు!" అని విల్‌ఫ్రెడ్ బల్ల మీద గుద్దాడు. "ఏం కీర్తనయ్యా ఇది! పాడినప్పుడల్లా చచ్చిపోయిన మా అమ్మ కళ్ళముందు నిలబడుతుంది. రాసినాయన ఎవరో గాని, కనిపిస్తే రెండు చేతులూ పట్టుకుని వదలను. అలాంటిదాన్ని నువ్వు ఖూనీ చేస్తుంటే చూస్తూ ఊరుకుంటాననుకున్నావా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. విల్‌ఫ్రెడ్ కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాడు.

"వినాలంటే ఇంట్లో రేడియో పెట్టుకో. లోకమంతా వింటుంది."

"లోకమంతానా?" అన్నాడు ముసలాయన.

కోటు జేబులోంచి పాసు తీసి విల్‌ఫ్రెడ్ చేతిలో పెట్టాడు. దాని మీద వరుస, చోటు ఉన్నాయి గాని పేరు లేదు. ఆయన పేరు ఎవరూ అడగలేదు కూడా.

పట్టాభిషేకం నాడు పొద్దున్నుంచీ ఒకటే వాన.

తెల్ల అంగీ కింద శాండ్‌విచ్ దాచుకుని, నార్మన్ ఆ చోట్లో నిలబడ్డాడు.

"పాపం, పెద్దవాడు కదా బావా. నాకెందుకో మనసొప్పటం లేదు," అన్నాడు మెల్లగా.

"నోర్మూసుకో. నీ చోటు నీకొచ్చింది. ఆ ప్రభువులు మనల్ని దోచుకుంటే మాత్రం ఎవరికైనా మనసు నొచ్చిందా?"

పాడేవాళ్ళు నిలబడ్డ ఎత్తు వరుసల పైనుంచి కింద ముఖమల్ కుర్చీలన్నీ కనిపిస్తున్నాయి. విల్‌ఫ్రెడ్ మెడ సాచి వాటిలో వెతుకుతున్నాడు.

"ఎవర్ని చూస్తున్నావు బావా?"

"మన కీర్తన రాసినాయన్ని. ఆ ముందు వరుసలోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఆ బుర్రమీసాలాయన అంటావా?"

డాక్టర్ ఆకెండెన్ వరుసల వెంట చూసుకుంటూ వచ్చారు. నార్మన్ దగ్గర ఆగారు.

"ఇక్కడ ఉండాల్సిన పెద్దాయన ఏరి?"

"పంపించేశాను సార్," అన్నాడు విల్‌ఫ్రెడ్ గర్వంగా. "ఒక్క ముక్క పాడలేడు. సిఫారసు మీద దూరాడు."

"ఎవరి సిఫారసు?"

"ఏ ప్రభువుదో సార్. వాళ్ళకిది అలవాటేగా!"

డాక్టరుగారి మొహం పాలిపోయింది. తలుపుల వైపు చూశారు. అవి మూసేసి చాలాసేపయింది. కింద బూరలు మోగటం మొదలైంది.

"సిఫారసు నాది, గార్‌సైడ్," అన్నారాయన పళ్ళు బిగించి. "ఆ కుర్చీల్లో ఒక్కటి కూడా ఆయనకివ్వకపోతే, తను రాసిన కీర్తన తను వినాలని నేనే తీసుకొచ్చి నీ వరుసలో నిలబెట్టాను."