మాడిన నెయ్యి

“లాక్‌డౌన్‌లో బ్రిటన్ జనం మనం ఎగుమతి చేసే వెన్నకు ఎగబడ్డారని, దగ్గుతున్నవాళ్ళ చేత కూడా డబుల్ షిఫ్టులు చేయించింది మీరే, మేనేజర్లూ!”

ఆస్ట్రేలియాలో, టూంగాబీలోని ఇంట్లో, వెన్న ఫ్యాక్టరీ యూనియన్ నాయకుడు తోమాసు రేపటి మీటింగ్ ప్రసంగం బిగ్గరగా చదువుతున్నాడు. పొగ చూసి వంటగదిలోకి పరుగెత్తాడు. భార్య సుగుణ స్టవ్‌కు వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతోంది.

“నెయ్యి మాడిపోతోంది! ముక్కెక్కడ పెట్టుకున్నావే?”

“ఆ షిఫ్టుల్లో కోవిడ్ వచ్చినప్పుడే వాసన పోయిందండీ.”

“ఫ్యాక్టరీలో వెన్న వాసన చూసి పాస్ చేసేది నువ్వే కదా?”

“నాతోపాటు వాసన చూసే హెలెనా మొహాన్ని బట్టి చెప్పేస్తున్నా. తెలిస్తే తీసేస్తారు.”

తోమాసు స్టవ్ కట్టేశాడు. అందరి నష్టాలూ ఏకరువు పెట్టే మనిషికి ఇంట్లో నష్టం ఇన్నాళ్ళూ కనపడలేదు.

“రేపు మైకు నాకివ్వండి,” అంది సుగుణ. “ఈ జబ్బు పనిలోనే వచ్చిందని మేనేజర్లు ఒప్పుకోవాలి. నన్ను తీసెయ్యకుండా వేరే పనివ్వాలి. అదీ రేపే.”