నాలుగో వెర్షన్‌కు ఆఖరి ఫిర్యాదు

“ఇంకా మూయలేదా?”

మేనేజరు గొంతు అంతస్తంతా వినిపించింది. ఎవరినైనా తిట్టాలంటే ఆయన ముందు తన గది తలుపు బార్లా తెరిచి పెట్టుకుంటాడు.

“ఒక్క ఫిర్యాదు మిగిలిందండీ,” అన్నాడు నాలుగో బాబాయి.

ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆయనకు ముందు ముగ్గురు బాబాయిలేమీ లేరు. గోదాముల్లో ఏ సరుకు ఎక్కడుందో చెప్పే వాళ్ళ సాఫ్ట్‌వేరులో ఇప్పుడు తొమ్మిదో వెర్షన్ నడుస్తోంది. పాతబడిన నాలుగో వెర్షన్ వాడేవాళ్ళ ఫోన్లు ఎత్తడానికి మిగిలింది ఆయనొక్కడే. ఆ వెర్షన్‌కు కాలం చెల్లిందని, ఇకమీదట సపోర్టు ఉండదని కంపెనీ ఉత్తరాలు కూడా పంపేసింది. ఒక్కటే మెలిక. ఏ ఒక్క ఫిర్యాదు తీరకుండా ఉన్నా ఆ ఫోన్లెత్తే డెస్కును మూయకూడదని నియమం. చివరి ఫిర్యాదు తీరిన సాయంత్రమే డెస్కు మూత పడుతుంది, దాంతోపాటే బాబాయి ఉద్యోగం కూడా.

ఇంకో తొమ్మిది రోజులు ఆగితే మాత్రం సంగతి వేరు. బాబాయికి పదిహేనేళ్ళ సర్వీసు నిండుతుంది. అలా నిండినవాళ్ళని కంపెనీ ఇంటికి పంపకూడదు, కొత్త విభాగంలో చోటు చూపించి తీరాలి. యాభై మూడేళ్ళ వయసులో బయట ఇంకో ఉద్యోగం దొరకడం కల్ల అని ఆయనకు తెలుసు. ఆ భయంతో నెల రోజులుగా అన్నం సహించడం లేదు.

“ఆ గొడుగులావిడకు వేరే పనీపాటా లేదా? వారంలో మూడు ఫిర్యాదులా?” మేనేజరు వదల్లేదు. “కూర్చోండి. అసలు ఇంత ఆలస్యం ఎందుకవుతోందో ఇవాళ తేల్చేద్దాం.”

అది తేల్చడానికి గంటన్నర పట్టింది. అంతసేపట్లో బాబాయి రెండు ఫిర్యాదులైనా సరిచేసి ఉండేవాడు.

గొడుగులావిడ అంటే గొడుగుల ఫ్యాక్టరీలో గోదాము చూసే మనిషి. నాలుగో వెర్షన్‌ను పట్టుకు వేలాడుతున్న ఆఖరి ఖాతాదారు వాళ్ళే. లేబుళ్ళు తలకిందులుగా అచ్చవుతున్నాయని ఒకరోజు, నల్ల గొడుగుల జాబితాలో పూల గొడుగులు దూరాయని ఇంకోరోజు ఆవిడ ఫోన్ చేసేది. ఆ ఫోన్ మోగినప్పుడల్లా బాబాయికి ప్రాణం లేచొచ్చేది. తీరా పది నిమిషాల్లో సమస్య తీర్చేసి, నా గొయ్యి నేనే తవ్వుకున్నానే అని నాలుక కరుచుకునేవాడు.

“కాస్త నిదానంగా చేస్తే మీ సొమ్మేం పోయింది?” అని భార్య నెత్తి కొట్టుకుంది.

“తప్పెక్కడుందో కనబడ్డాక చెయ్యి ఊరుకోదే.”

“చెయ్యి ఊరుకోదు, నోరేమో లేవదు. ఆ మేనేజరుతో ఒక్క మాట చెప్పుకోకూడదూ?”

“ఆయనతోనా? నన్నెప్పుడు సాగనంపుదామా అని కాచుక్కూర్చుంటేనూ.”

ఒకటి తీరేలోగా ఇంకోటి వచ్చిపడుతూ ఎలాగో ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు పొద్దున మేనేజరు మళ్ళీ తలుపు తెరిచాడు.

“గొడుగుల ఫ్యాక్టరీలో తెర మొత్తం నల్లబడిపోయిందట. ఫోన్‌లో తేలే వ్యవహారం కాదు, మీరే స్వయంగా వెళ్ళండి. ఆవిడ సంతకం పెట్టిన కాగితం సాయంత్రం ఐదింటికల్లా నా బల్ల మీద ఉండాలి.”

“కారు...”

“కారూ లేదు, గీరూ లేదు. రెండు బస్సులు మారండి.”

ఐదింటికే బాబాయి పదిహేనేళ్ళూ నిండేది. తెలిసే అన్నాడో తెలియక అన్నాడో గానీ ఆ మాట బాబాయి గుండెల్లో కలుక్కుమంది. తలవంచుకుని బయలుదేరాడు.

ఫ్యాక్టరీ చేరేసరికి ఒంటిగంటన్నర. గోదాములో గొడుగులు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పక్క గదిలో కుట్టుమిషన్ల మోతకు చెవులు హోరెత్తుతున్నాయి. బాబాయి కంప్యూటరు వెనక్కి వంగి చూశాడు. వైరు ఊడి వేలాడుతోంది. చెయ్యి ఊరుకుంటుందా? గుచ్చేశాడు. తెర వెలిగింది.

పదిహేనేళ్ళ ఉద్యోగం రెండు నిమిషాల్లో అయిపోయింది. సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

“అయిపోయిందమ్మా. ఇక్కడో సంతకం చేస్తే మీ వెర్షన్‌కు సెలవు.”

గొడుగులావిడ మొహం వాడిపోయింది. “అప్పుడేనా అన్నయ్యగారూ?”

“ఇంకేమైనా ఇబ్బంది ఉందా? బాగా ఆలోచించి చెప్పండి,” అన్నాడు బాబాయి, ఏ మూలో మిగిలిన కాస్త ఆశతో.

“మీ చెయ్యి పడ్డాక ఇంకా ఇబ్బందులు మిగులుతాయా?” ఆవిడ అటూ ఇటూ చూసింది. “ఉండండి, సంతకం చేసేముందు ఒకసారి సార్‌ని అడగాలి.”

గొడుగుల వరస వెనక్కి వెళ్ళింది. మిషన్ల మోతలో మామూలుగా మాట్లాడితే వినబడదని ఫోన్ స్పీకర్లో పెట్టి అరిచింది.

“సార్, ఇది కూడా బాగుచేసేశారు. వచ్చి ఐదు నిమిషాలు కాలేదు. మీరు చెప్పినవన్నీ అయిపోయాయి, సొంతంగా నాకింకేమీ తోచడం లేదు. ఇప్పుడేం చెయ్యమంటారు?”

బాబాయి ఉలిక్కిపడి చెవి అటు పారేశాడు.

“ఆ వైరు మళ్ళీ పీకెయ్యమ్మా,” అంది ఫోన్. “ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాం, ఇంకో మూడున్నర గంటలు ఎంత? ఐదు దాటేదాకా ఆయన్ని మాత్రం గుమ్మం దాటనివ్వకు.”

ఆ గొంతు మేనేజరుది.