జంబన్న ప్రైమరీ

"మళ్లీ లెక్కపెట్టు!" జంబన్న బల్ల గుద్దాడు.

యంకప్ప చీటీలన్నీ మళ్లీ విప్పి లెక్కపెట్టాడు. ఏమీ మారలేదు. మున్సిపల్ ఎన్నికలకు పార్టీ ఇచ్చే వార్డు టికెట్ వాదిరాజ్‌కే. తేడా ఒక్క ఓటు.

అసలీ పోటీ తెచ్చిపెట్టింది జంబన్నే. అమెరికాలో ప్రెసిడెంటు పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో జనమే 'ప్రైమరీ' అనే ఎన్నికలో రాష్ట్రాలవారీగా ఓటేసి తేలుస్తారని ఫోన్లో చూసినప్పటి నుంచి అతనికి అదే లోకం. అయోవాలో ఎవరు గెలిచారో, న్యూ హ్యాంప్‌షైర్ తర్వాత ఎవరు తప్పుకున్నారో రాయచూరు గంజ్ మార్కెట్‌లో టీ తాగేవాళ్లందరికీ అతని నోటి ద్వారానే తెలిసేది.

"బెంగళూర్ల కూసున్నోడు మనకు టికెట్ ఇచ్చుడేంది? మన వార్డుల గూడ గట్లనే ఓటేసుకుందాం" అని స్థానిక పార్టీ సభ్యులందరినీ ఒప్పించాడు. తానే గెలుస్తానని అతనికి రవ్వంత అనుమానం కూడా లేదు.

"అక్కడ ఓడినోడు గెలిచినోనికి ముబారక్ చెప్తడంటివి గద జంబన్నా" అంటూ వాదిరాజ్ చెయ్యి చాచాడు.

జంబన్న ఆ చేతివైపు చూడలేదు. యంకప్ప కాలర్ పట్టుకున్నాడు.

"నువ్వే! దినాం నా పక్కల కూసొని, నా చాయ్ తాగి, నాకే దగా చేసినవ్ గదరా!"

"నా పిల్లల మీద ఒట్టు. నీకే ఏసిన."

"మరి ఎవడేసిండు? ఇల్లిల్లు తిరిగి, ఒక్కొక్కల చెయ్యి పట్టుకొని అడిగిన. నాకేస్తమన్నోళ్ల లెక్కల ఒక్కటే తక్కువైంది. అడగకుండ నమ్మింది నిన్నొక్కన్నే!"

యంకప్ప చెంప ఛెళ్లుమంది. ఆడ సభ్యుల వరసలో కూర్చుని ఉన్న జంబన్న భార్య జయాబాయి గబుక్కున లేచి నిలబడింది. యంకప్ప చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. బళ్లో ఒకే పలక మీద రాసుకున్న దోస్తు అతను.

ఇంటికొచ్చాక జంబన్న అన్నం పళ్లెం పక్కకు నెట్టాడు. "పరాయోడు చేస్తే బాధ లేకుండె. నా అనుకున్నోడు ముంచిండు" అని పదే పదే అన్నాడు.

జయాబాయి అతని ఎదురుగా కూర్చుంది.

"లేచి యంకప్పన్న ఇంటికి పో. మాఫీ అడుగు."

"వాణ్నా? నేనా?"

"ఆయన నీకే ఏసిండు."

"నీకెట్ల ఎరుక?"

జయాబాయి తల దించుకోలేదు.

"వాదిరాజ్‌కు ఏసింది నేను. నాకు గూడ ఓటుందని యాది పెట్టుకొని అడిగినోడు ఆయనొక్కడే."