సోమవారం మనిషి

సామ్యేలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన నిమిషానికే దొంగతనం చేశాడు.

అదీ పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక రాతి కల్వం.

ఖాతూన్ బీ అరిచిన అరుపుకు మాచర్ల స్టేషన్లో ఆగి ఉన్న రైలు కదిలిందని వీధిలో చెప్పుకున్నారు. ఆ రైలు మామూలుగా గార్డు జెండా ఊపినా కదలదు.

జరిగింది ఇది. ఆమె కొడుకు ముర్తుజా ఆయిల్ ఇంజన్ల మెకానిక్. అతనికి రక్తంలో క్యాన్సర్ అని తేలింది. గుంటూరు ఆసుపత్రి డాక్టరమ్మ మాత్రలు రాసి, ఇంటి దగ్గరే వేసుకోమని పంపింది. మాత్ర గొంతు దిగడం లేదని కొడుకు మొహం చిట్లిస్తే, ఖాతూన్ బీ దాన్ని కల్వంలో నూరి, తేనె కలిపి నాకించింది. ఆ ఇంట్లో ఏ మందైనా అలాగే దిగాలి. ఆ తర్వాత అదే కల్వంలో ఎనిమిది నెలల మనవరాలికి వసకొమ్ము అరగదీయబోయింది.

అప్పుడే గుమ్మంలో ఖాకీ ప్యాంటు మనిషి నిలబడ్డాడు. పేరు సామ్యేలన్నాడు. డాక్టరమ్మ పంపిందన్నాడు. కల్వం వైపు చూశాడు. తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఇది మీ అబ్బాయికే మందు. పసిదానికి విషం."

"విషమైతే నా కొడుక్కెందుకిచ్చారయ్యా?"

"ఆయన ఒంట్లో చంపాల్సింది ఉంది. పాప ఒంట్లో లేదు."

కల్వాన్ని అటే పట్టుకుపోయాడు. అది ఖాతూన్ బీకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది.

అప్పట్నుంచి ప్రతి సోమవారం వచ్చేవాడు.

మాత్ర నూరకూడదన్నాడు. విరగ్గొట్టకూడదన్నాడు. సీసా మూతలోకి ఒంపి, అటే నోట్లో వేసుకోవాలన్నాడు. ముర్తుజా భార్య షహనాజ్ వాటిని వేళ్ళతో ముట్టుకోకూడదన్నాడు. పొరపాటున ముట్టుకుంటే సబ్బుతో కడుక్కోమన్నాడు. ఆమె చేత ఎన్నిసార్లు కడిగించాడంటే, పెళ్ళినాటి గోరింటాకు ఏమైనా మిగిలి ఉంటే అదీ పోయింది. సీసాను పాపకు అందనంత ఎత్తులో పెట్టమన్నాడు. ముర్తుజా దాన్ని దూలం మీద పెట్టాడు. ఆ తర్వాత అది ముర్తుజాకు కూడా అందలేదు. దించడానికి పక్కింటి నిచ్చెన తేవాల్సి వచ్చింది.

ఒకసారి ముర్తుజా గురజాలలో ఇంజన్ రిపేరుకు పోయి మాత్రలు మర్చిపోయాడు. మర్నాడు నిన్నటివీ కలిపి నాలుగు మింగబోయాడు. ఆ రోజు సోమవారం కావడం అతని అదృష్టం.

"ఇదేం ఇంజనా తమ్ముడూ, ఆయిల్ తగ్గిందని రెండు డబ్బాలు పొయ్యటానికి?" అని సామ్యేలు సీసా లాక్కున్నాడు.

ఆ మనిషికి ఓపిక మాత్రం తక్కువ. గుమ్మం ముందున్న మూడు మెట్లెక్కడానికి అతను తీసుకునే టైములో మాచర్ల నుంచి దాచేపల్లికి లారీ వెళ్ళొచ్చు. ఎక్కి, రెండు చెంబుల నీళ్ళు తాగి, గోడకు జారబడి కునుకు తీసేవాడు.

"చూశావా, నిద్రకు కూడా జీతమిస్తారు గవర్నమెంటోళ్ళు," అని ముర్తుజా పెళ్ళానికి సైగ చేసేవాడు. ఖాతూన్ బీ ఒక్కసారి కూడా ఆ దొంగకు టీ పొయ్యలేదు.

అయిదో నెలలో ముర్తుజా మాత్రలు వేసుకోనన్నాడు. ఒళ్ళంతా నలిపేసినట్టుందన్నాడు. అన్నం మట్టిలా ఉందన్నాడు. తల్లి ఏడ్చింది, భార్య బతిమాలింది. సోమవారం సామ్యేలు వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నొప్పా?" అన్నాడు.

"విసుగన్నా. చానా విసుగ్గా ఉంది."

"విసుగొచ్చేంత కాలం మింగే అదృష్టం అందరికీ దొరకదు తమ్ముడూ. ఈ వారానికి మింగు."

ముర్తుజా మింగాడు. ఆ వారం అయ్యాక మళ్ళీ అదే మాట, మళ్ళీ ఇంకో వారం.

తర్వాత సామ్యేలు రావడం మానేశాడు. ఒక సోమవారం పోయింది, రెండు పోయాయి, నాలుగు పోయాయి. ఏ కర్నూలుకో బదిలీ అయి ఉంటాడని, అక్కడి కల్వాలు ఇక ఎగిరిపోతాయని ముర్తుజా నవ్వాడు.

అయిదో సోమవారం అతనికి జ్వరం వచ్చింది. వానల జ్వరమంది ఖాతూన్ బీ. ఒక జ్వరం బిళ్ళ వేసి దర్గా తాయెత్తు కడితే సరిపోతుందంది.

షహనాజ్‌కు సామ్యేలు నూరిపోసిన మాట గుర్తొచ్చింది. జ్వరమొస్తే మాత్ర ఆపు, మూటాముల్లే సర్దుకోకు, గుంటూరు బస్సెక్కు. అత్త వద్దంటున్నా పాపను ఆమె ఒళ్ళో పడేసి, మొగుణ్ణి బస్సెక్కించింది.

ఒక్క రోజు ఆలస్యమైతే చెయ్యడానికేమీ ఉండేది కాదంది డాక్టరమ్మ. రక్తంలో కణాలు బాగా పడిపోయాయట. పన్నెండు రోజులకు ముర్తుజా లేచి కూర్చుని గంజి తాగాడు.

షహనాజ్ డాక్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మీ సామ్యేలన్నను ఒక్క సోమవారం పంపండమ్మా. మా అత్త పలావు చేసి పెడతానంటంది."

ఏ సామ్యేలని అడిగింది డాక్టరమ్మ. షహనాజ్ చెప్పింది. ఖాకీ ప్యాంటు, నీళ్ళు, నిద్ర. మిరప కోతలప్పుడు, మాత్రలు మొదలెట్టిన వారమే వచ్చాడని, మీరే పంపారన్నాడని చెప్పింది.

డాక్టరమ్మ కలం మూత పెట్టింది.

"నేనెవర్నీ పంపలేదమ్మా. ఈ వార్డు ఊడవటానికే మనిషి లేడు, మాచర్లకెవర్ని పంపను?"

"మరి ఆయన?"

"మాత్రలిచ్చే కిటికీ దగ్గర నిలబడి కొత్తవాళ్ళ ఊరూ పేరూ అడుగుతుంటే నేనే రెండుసార్లు కసిరాను. ప్రాణం పోయి నెల దాటింది."

ఎట్టా పోయాడని అడిగింది షహనాజ్.

"ఆయనదీ మీ ఆయన జబ్బేనమ్మా," అంది డాక్టరమ్మ, "ఈ మాత్రలు నీకిక పనిచెయ్యవు, ఇంటికెళ్ళి పడుకోమని నేను చెప్పిన వారమే మీ ఇంటికొచ్చినట్టున్నాడు."