సౌండ్ కార్డు

"సౌండ్ కార్డు లేదమ్మా. ప్లేయర్ తెరుచుకోదు."

నారాయణగూడ నెట్ సెంటర్లో అదే మాట. అశోక్‌నగర్‌లోనూ అదే మాట. వేదవతి సీడీని మళ్లీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కూతురు సుహాసిని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఎండలో చిక్కడపల్లి దాకా నడిచింది.

లైబ్రరీ దగ్గర సందులో అంజి డీటీపీ సెంటర్ ఉంది. అంజి సీడీ పెట్టి మౌస్ నొక్కాడు. సౌండ్ పరికరం దొరకలేదని తెరమీద ఒక హెచ్చరిక వచ్చింది. ప్లేయర్ మూసుకుపోయింది.

"టైపింగుకు సౌండ్ ఎందుకని నేను కార్డు ఏయించలే ఆంటీ. ఏముంది దీంట్ల?"

"పెళ్లి సంబంధం బాబూ. అబ్బాయి బెజవాడలో వీడియో మిక్సింగ్ పని చేస్తాడు. ఫొటోకి బదులు ఇది పంపాడు. సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. రేపు వాళ్లు ఇంకో పిల్లని చూడ్డానికి వెళ్తారట."

వేదవతి స్టూలు మీద కూలబడింది. ఇదివరకటి సంబంధాలన్నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినవే. వాళ్లంతట వాళ్లు కావాలని అడిగింది ఇదొక్కటే.

"మాటలు వినపడకపోయినా ఫర్వాలేదు. బొమ్మ వస్తే చాలు," అంది.

"నాకేం ఆంటీ, చూపిస్త. కానీ కార్డు లేకుంటే ఇది బొమ్మ గూడ చూపియ్యదు. అయినా మాట వినకుంట పిల్లనెట్ల ఇస్తరు? నత్తి గిత్తి ఉంటే? మీరేమంటరు అక్కా?"

సుహాసిని గోడకు అంటించిన శుభలేఖల నమూనాలు చూస్తోంది. తల తిప్పలేదు. సిగ్గనుకున్నాడు అంజి.

ఇలాంటి వాటికి జవాబు చెప్పే ఓపిక వేదవతికి ఎప్పుడో అయిపోయింది.

అంజి ఆమె మొహం చూశాడు. "జర కూసోండి," అని బయటికి వెళ్లాడు. పక్క సందులో వీడియో గేముల షాపు నడిపే దోస్తు దగ్గర కార్డు, స్పీకర్లు అడిగి తెచ్చాడు. చెమటలు కక్కుతూ కంప్యూటర్ విప్పి, కార్డు బిగించాడు.

ఈసారి ప్లేయర్ తెరుచుకుంది. చారల చొక్కా వేసుకున్న కుర్రాడు తెరమీద నవ్వాడు.

స్పీకర్లలోంచి ఒక్క మాటా రాలేదు. అంజి వాల్యూమ్ పెంచాడు. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇంత చేసినా పరేషానే ఆంటీ. సీడీనే ఖరాబైనట్టుంది. తీసేస్త."

వేదవతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

సుహాసిని అప్పటికే కుర్చీ తెర దగ్గరికి లాక్కుని, ఆ కుర్రాడి వేళ్లు అడుగుతున్న ఒక్కో ప్రశ్నకూ తన వేళ్లతో జవాబు చెబుతోంది.